పదకొండో నంబరు గడప

భిలాయి, సెక్టారు–6
1983 నవంబరు 12

దావూద్ బావకు గురునాథరావు రాయునది.

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టాలి గాని, నిన్న సాయంత్రం మా పక్క క్వార్టరువాణ్ణి కొట్టాను. రెండు పళ్లు రాలాయి. కుళాయి దగ్గర మాటా మాటా పెరిగి, "నీకు ఊరా, పేరా" అన్నాడు. ఊరు పోయినవాణ్ణి పట్టుకుని ఊరేదని అడిగితే చెయ్యి ఊరుకుంటుందా? ఐ.టి.ఐ. చదివేటప్పుడు మీ అమ్మ మహబూబున్నీసా గారి పెరటి గదిలో రెండేళ్లు తిని పడుకున్నవాణ్ణి, నా కోపం నీకు కొత్త కాదు. మా ఊరు విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ కింద పోయేటప్పుడు సర్వేయరుని వాడి కొలత గొలుసుతోనే వాతలు తేలేలా కొట్టాను. కేసు రాజీ చేసుకుని, ఇంత దూరం ఇక్కడి ఉక్కు ఫ్యాక్టరీలో పనికి వచ్చిపడ్డాను. అప్పటినుంచీ ఎవడేమన్నా ఆ గొలుసు ఇంకా నా చేతిలోనే ఉన్నట్టుంటుంది.

పళ్ల సంగతి పోలీసులదాకా పోలేదు. మా ఆదిలక్ష్మి వెళ్లి వాళ్ల కాళ్లు పట్టుకుంది. ఇంటికొచ్చి అన్నం వడ్డించి, నా మొహం చూడకుండా ఒకటే మాట అంది. "మనకంటూ ఓ గుమ్మం ఉంటే నీకింత కోపం రాదు. ఇల్లు కొను. లేపోతే ఏదో ఒకనాడు నువ్వు మడిసిని సంపేత్తావు." పదకొండేళ్ల కాపురంలో ఆమె నాకు భయపడుతోందని నిన్ననే తెలిసింది. కంచం పక్కకి జరిపి లేచాను బావా.

కాబట్టి విశాఖపట్నంలో నాకో ఇల్లు చూడు. స్థలం కొని కట్టుకునే తాహతు లేదు. ఈమధ్య అక్కడ అపార్ట్‌మెంట్లని కడుతున్నారట కదా, ఒకడి నెత్తిమీద ఒకడు కాపురం. అదైనా సరే. రెండు గదులూ వంటిల్లూ చాలు. పొలానికిచ్చిన నష్టపరిహారం కొంత మిగిలింది, పి.ఎఫ్. లోను పెడతాను. చెల్లెలు ఖైరున్నీసాకి, పిల్ల షహజాదికి మా దీవెనలు.

నీ బావ
గురునాథరావు


విశాఖపట్నం, పూర్ణా మార్కెట్ దగ్గర
1984 జనవరి 20

గురునాథం బావకు దావూద్ సలాములు.

పక్కవాడి పళ్ల సంగతి చదివి నేను నవ్వాను, మా ఆవిడ నవ్వలేదు. ఆమె మొహం చూశాక నేనూ మానేశాను. ఇల్లు దొరికేదాకా దయచేసి చేతులు జేబులో పెట్టుకుని తిరుగు.

రెండు నెలల్లో మూడు చోట్లు చూశాను. గోపాలపట్నంలో ఒకటి నీ డబ్బుకి సరిపోతుంది గాని నీళ్లు రోజు విడిచి రోజు. నేను వెళ్లిననాడు ఇద్దరు ఆడవాళ్లు బిందెలతో కొట్టుకుంటున్నారు. ఒకావిడ నుదురు చిట్లి, రక్తం పట్టుకున్న నీళ్లలోనే పడింది. ఆవిడ ఆ నీళ్లు పారబోయలేదు, అలాగే మోసుకెళ్లింది. అలాంటి చోట నిన్ను పెడితే వారానికో కేసు. సముద్రం వైపు ఇంకోటి చూశాను. కిటికీ చువ్వల్ని ఉప్పుగాలి తినేసింది, ధర మాత్రం సముద్రాన్ని కూడా కలిపి అమ్ముతున్నట్టు చెప్పాడు.

మూడోది మా వీధిలోనే. అచ్యుతరామయ్య అని ఒక కాంట్రాక్టరు నాలుగంతస్తులు లేపుతున్నాడు. ముందున్న వడ్రంగి మధ్యలో మానేసి వెళ్లిపోతే తలుపుల పని నాకొచ్చింది. కర్ర నేనే ఎంచి తెచ్చాను కాబట్టి దానికి భయం లేదు. మూడో అంతస్తులో పదకొండో నంబరు ఖాళీగా ఉందంటున్నాడు. తూర్పు గుమ్మం. ధర నీకు అందేదే.

ఇంత చవకేమిటని నువ్వడుగుతావు, ముందే చెబుతున్నాను. అక్కడ ఇదివరకు పెంకుటిళ్ల వరస ఉండేది. అద్దెకున్నవాళ్లు ఖాళీ చెయ్యలేదని పట్టపగలు పదిమందికి గునపాలిచ్చి పంపాడు. మనుషులు లోపలుండగానే పైకప్పులు కూలదోశారు. యారాడ నుంచి చేపలు తెచ్చి అమ్మే పోతమ్మ ద్వారబంధం పట్టుకుని వదలనంటే మోచెయ్యి విరగ్గొట్టారు. ఎముక విరిగిన చప్పుడు నా షాపులోకి వినిపించింది. నేను మెట్లమీద నిలబడి చూశాను, అడ్డం వెళ్లలేదు. ఇప్పుడు అతని దగ్గరే కూలి తీసుకుంటున్నాను. ఇది నీకు తెలియాలని రాశాను, ఆపైన నీ ఇష్టం. కొంటానంటే నాది పూచీ.

దావూద్


భిలాయి
1984 ఫిబ్రవరి 9

బావకు,

పదకొండో నంబరు నాదే. అడ్వాన్సు పంపాను, అచ్యుతరామయ్య సంతకం పెట్టిన అగ్రిమెంటు నిన్న అందింది. ఆదిలక్ష్మి ఆ కాగితాన్ని దేవుడి పటం వెనక పెట్టింది.

పోతమ్మ సంగతి చదివి ఒకపూట అన్నం సయించలేదు. తర్వాత కోపమొచ్చింది, నీ మీదే. ఇది నాకెందుకు రాశావు? మా ఇంటి వాసాలు బుల్డోజరు విరుస్తుంటే ఎవడైనా అడ్డమొచ్చాడా? మా నాన్న ఆ దుమ్ములో కూలబడి రాళ్లు విసురుతుంటే జీపులో ఉన్నవాళ్లు నవ్వారు. లోకమంతా ఒకరి ఇల్లు కూల్చి ఒకరికి కట్టడమే. అందరి గుమ్మాల మంచీ చెడూ నేనొక్కణ్ణే చూసుకోవాలా? ఆదిలక్ష్మికి ఆ పేజీ చదివి వినిపించలేదు.

వైశాఖంలో ద్వారబంధం ఎత్తడానికి ముహూర్తం పెట్టించాను. మాలో గడప నిలబెట్టనిదే ఇల్లు మనదని చెప్పుకోం. మేడమీద మేడకి గడప పూజేమిటని అచ్యుతరామయ్య నవ్వుతాడేమో, నవ్వనీ. ఆ నెల మా ఫర్నేసు ఆపి రిపేరు చేస్తారు, నాకు సెలవివ్వరు. ఆదిలక్ష్మి వస్తుంది. నవధాన్యాలూ వెండి బిళ్లా పసుపుగుడ్డలో మూటగట్టి తెస్తుంది. నువ్వే ఆ మూట గడప కింద పెట్టి, నీ చేత్తోనే నిలబెట్టు. ఇంకో వడ్రంగిని ముట్టుకోనివ్వకు.

గురునాథం


విశాఖపట్నం
1984 జూన్ 2

బావకు,

ఉలి జారి నా కుడిచేతికి దెబ్బ తగిలింది. అందుకని షహజాది చేత రాయిస్తున్నాను.

ముహూర్తానికి గడప నిలబెట్టాం. చెల్లెమ్మ పసుపు రాసి కుంకుమ పెట్టింది. పనివాళ్లందరికీ పులిహోర పంచింది. చాలా సంతోషపడింది.

మిగతా డబ్బుకి తొందరేం లేదు. నిదానంగా కట్టు. చాలా నిదానంగా కట్టినా ఫరవాలేదు.

దావూద్


భిలాయి
1984 జూలై 15

బావకు,

అంత పెద్ద రోజు గురించి నాలుగు ముక్కలు రాయిస్తావా? నీ చేతికి దెబ్బ తగిలింది సరే, నోటికేమైంది? ఆదిలక్ష్మి మాత్రం ఇక్కడ ప్రతి ఇంటికీ వెళ్లి చెబుతోంది. గడప దగ్గర నువ్వు వంగి పనిచేస్తూ ఒక్కసారి తలెత్తి తనవైపు చూశావట. నీ కళ్లలో నీళ్లున్నాయట. మా అన్నయ్య కూడా ఇంత మురిసిపోలేదంది.

డబ్బుకి తొందరేం లేదన్నావు. నా బరువు చూసి అన్నావని తెలుసు, నీది మెత్తని మనసు. కాని గడప నిలబడ్డాక నాకిక ఆగాలనిపించలేదు. ఆదిలక్ష్మి తన గొలుసూ గాజులూ తనే తీసిచ్చింది. మొత్తం కట్టేశాను. దసరాకి తాళాలిస్తానని అచ్యుతరామయ్య రాశాడు.

నీకో వింత చెప్పాలి. మొన్న ఫోర్‌మన్ నన్ను తల్లిమీద తిట్టాడు. నా చేతిలో రెండడుగుల స్పానరుంది. షెడ్డంతా నావైపే చూస్తోంది. అప్పుడు నా తూర్పు గుమ్మం గుర్తొచ్చి నవ్వేశాను. వాడే హడలిపోయాడు. ఇంటికొచ్చి చెబితే ఆదిలక్ష్మి చాలా కాలానికి నా పక్కన కూర్చుని తింది.

గురునాథం


భిలాయి
1984 నవంబరు 22

దావూద్‌కి,

దసరా వెళ్లింది. దీపావళి వెళ్లింది. మూడు ఉత్తరాలు రాశాను, నువ్వు ఒక్కదానికీ పలకలేదు. చివరికి మా బావమరిదిని పంపించాను.

పదకొండో నంబరు తలుపుకి శ్రీరామ్మూర్తి, రిటైర్డ్ హెడ్ క్లర్కు అని బోర్డుంది. లోపల్నుంచి పోపు వాసన వస్తోందట. నా గడప ముందు ఎవడో ముసలాడి పెళ్లాం ముగ్గేసింది. ఇదేమిటని అడగబోతే అచ్యుతరామయ్య మనుషులు మా బావమరిదిని మూడో అంతస్తు నుంచి కిందిదాకా తన్నుకుంటూ దించారు. రెండు పక్కటెముకలు విరిగాయి. వాడు రైల్లో ఒరిగి కూర్చునే వచ్చాడు.

నువ్వు ఆ వీధిలో ఉంటావు. ఆ మెట్లు రోజూ ఎక్కుతావు. నీకు తెలియదంటే ఎవడు నమ్ముతాడు? మీ ఇంట్లో తిన్నవాణ్ణి నేను, వాసాలు లెక్కపెట్టింది మాత్రం నువ్వు. ఎంతిచ్చాడు నీకు?

మా షెడ్డులో అంగుళం మందం ఇనప కడ్డీ ఒకటి మూరన్నర పొడుగు కోయించాను. పట్టుకునే చోట గుడ్డ చుట్టాను. ఆదిలక్ష్మి కాళ్లకి అడ్డం పడింది, పక్కకి నెట్టేశాను. గోడకి తల తగిలి రక్తం వచ్చింది. ఈ ఇల్లు దేనికోసం కొన్నానో అది కూడా అయిపోయింది. వారంలో బయల్దేరుతున్నాను. తలుపు తీసినవాడికి మొదట, తర్వాత అచ్యుతరామయ్యకి, మిగిలితే నీకు.

గురునాథరావు


విశాఖపట్నం
1984 నవంబరు 27

బావా,

ఎడమ చేత్తో రాస్తున్నాను. చదవడం కష్టమైనా చివరిదాకా చదువు. ఉలి జారలేదు.

ముహూర్తంనాడు గడప దించడానికి అడుగున సిమెంటు చెక్కాను. అది కొత్తగా పూసింది, పచ్చి కూడా ఆరలేదు. ఉలి దిగేసరికి లోపల పసుపుగుడ్డ తగిలింది. మూట. ధాన్యం మొలకెత్తి ఉంది, వెండి బిళ్ల ఉంది. అదే గుమ్మానికి మనకన్నా ముందు ఇంకెవరో పూజ చేసుకున్నారు. వాళ్ల గడప పీకేసి, చోటు పూడ్చి, మనకి ఖాళీ అని చూపించారు. అదంతా అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. తలెత్తితే చెల్లెమ్మ పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. పురోహితుడు గడియారం చూస్తున్నాడు.

ముహూర్తంలో అపశకునం మాట ఎవరూ పలకకూడదని పదిహేనేళ్లుగా మీ ఇళ్లల్లో గడపలు ఎత్తుతూ నేర్చుకున్నాను. అందులోనూ నేను సాయిబుని. నా నోటివెంట ఆ మాట వస్తే చెల్లెమ్మకి జన్మంతా గుచ్చుకుంటుందనుకున్నాను. మూట తీసి పనిముట్ల సంచిలో వేసుకున్నాను. మీ మూట పెట్టి గడప నిలబెట్టాను. తర్వాత అచ్యుతరామయ్యని అడిగి చక్కబెడదామనుకున్నాను. తప్పు చేశాను. ముహూర్తం చెడితే చెడేది, అక్కడే అరిచి చెప్పాల్సింది.

మర్నాడు మధ్యాహ్నం చెల్లెమ్మని రైలెక్కించి వచ్చి అడిగాను. అతను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. గంటలో నలుగురు నా షాపుకొచ్చారు. నా కుడిచెయ్యి నా బల్లమీదే పరిచి పట్టుకుని, నా కొయ్యసుత్తితోనే వేలు వేలునా కొట్టారు. నాలుగో వేలు దగ్గర నాకు స్పృహ తప్పింది. షహజాది గుమ్మంలో నిలబడి అంతా చూసింది. మెలకువ వచ్చేసరికి వాళ్లలో ఒకడు నా దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. నెమ్మదిగానే మాట్లాడాడు. "బిలాయికి ఉత్తరం రాత్తావేటి? రాసుకో. పిల్ల ఇస్కూలుకి ఏ దారంట ఎల్తదో మాకు తెల్సు."

అందుకే ఆ నాలుగు ముక్కలు. తొందరేం లేదని రాయించాను, అంతకన్నా రాసే ధైర్యం లేకపోయింది. నువ్వు దాన్ని నా మంచితనం అనుకుని మొత్తం కట్టేశావు. ఆ ఉత్తరం చదివి నేను షాపు తలుపులు మూసుకుని ఏడ్చాను.

శ్రీరామ్మూర్తి గారిని నిన్న కలిశాను. నీకన్నా ముందు కొన్నాడు. ఉద్యోగం దిగినప్పుడు వచ్చినదంతా పెట్టాడు. చెద పట్టిందని గడప మార్చామని ఆయనతో చెప్పారట. నీ పేరే ఆయన వినలేదు. చెబుదామని నోరు తెరిచాను, భార్యాభర్తలిద్దరూ కిటికీకి పరదా కట్టుకుంటున్నారు, నా వల్ల కాలేదు. కడ్డీ అక్కడే పారెయ్యి. వస్తే ముందు నా దగ్గరికి రా. కొట్టాలనుంటే నన్ను కొట్టు. షహజాదిని మా అత్తవారి ఊరు పంపించేశాను, ఇక నాకు భయపడే పని లేదు. ఇద్దరం కలిసి పోలీసు స్టేషనుకి వెళదాం.

దావూద్


విశాఖపట్నం జైలు
1985 ఆగస్టు 3

బావా,

నీ ఎడమచేతి ఉత్తరం ఆదిలక్ష్మి ఇక్కడికి తెచ్చిచ్చింది. వారం అన్నాను గాని అన్నాళ్లూ ఆగలేక ఆరో రోజే రైలెక్కాను. నేనెక్కిన రెండు రోజులకి అది భిలాయి చేరిందట.

కోర్టులో చెప్పని సంగతి నీకు చెబుతాను. పొద్దున తొమ్మిది గంటలకి తలుపు కొట్టాను. ముసలాయన బనీనుతో, చేతిలో పేపరుతో తలుపు తీశాడు. ఈ ఇల్లు నాది అన్నాను. ఆయన తిట్టలేదు, తలుపు వెయ్యలేదు. "పొరబడ్డట్టున్నావు నాయనా, ఇది మా ఇల్లు. ఎండన పడొచ్చావు, మంచినీళ్లు తాగుతావా?" అన్నాడు. మా ఇల్లు అన్నచోటే నేను కడ్డీ ఎత్తేశాను. మంచినీళ్ల మాట చెవిన పడుతుండగా తలమీద కొట్టాను. గడపకి అడ్డంగా పడ్డాడు.

మొదటి దెబ్బకి కోపం కారణం. రెండోదానికి ఏ కారణమూ లేదు బావా. పడిపోయిన మనిషిని కొట్టాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, ఆ చేతిమీద మూడోది కొట్టాను. ఎదురింటివాళ్లు వచ్చి నా మీద పడేదాకా కొడుతూనే ఉన్నాను. ఆయన భార్య అరవలేదు, మొగుడి తల ఒళ్లో పెట్టుకుని చీర కుచ్చెళ్లతో రక్తం అదుముతూ కూర్చుంది. చచ్చిపోతాడనుకున్నాను. చావలేదు. మూడేళ్లు వేశారు, ఇంకో పదేళ్లు వేసినా కిమ్మనకపోదును.

నీ మీద కోపం లేదని రాయలేను. నీ వేళ్ల గురించి చదివి ఏడ్చాను, ఆ వెంటనే బండబూతులు తిట్టాను. రెండూ నిజమే. ఆ ఉత్తరం ఇచ్చి వెళ్లాక ఆదిలక్ష్మి మళ్లీ రాలేదు. క్వార్టరు ఖాళీ చేయించారు, ఎక్కడుందో ఏం తింటోందో తెలియదు. వెతికి పెట్టు.

గురునాథం


విశాఖపట్నం
1985 ఆగస్టు 20

బావా,

చెల్లెమ్మ ఈ ఊళ్లోనే ఉంది. లేవలేని పెద్దాయన ఒకరికి చాకిరీ చేస్తూ ఆ ఇంట్లోనే ఉంటోంది. తిండికీ బట్టకీ లోటు లేదు. ఎవరిల్లని ఇప్పుడు అడక్కు. చెప్పొద్దని ఆమే అంది.

అచ్యుతరామయ్యని నెలరోజులు లోపల పెట్టి వదిలేశారు. ఇంకో వీధిలో పునాది తవ్విస్తున్నాడు. నేను సాక్ష్యం చెప్పాను. చెప్పిన వారానికి నా షాపు తగలబడింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు. ఇప్పుడు గోపాలపట్నంలో చిన్న షెడ్డు తీసుకున్నాను.

దావూద్


విశాఖపట్నం జైలు
1987 సెప్టెంబరు 8

బావా,

వచ్చే నెల నాలుగో తేదీన వదులుతున్నారు. మొదటి యేడు ఇక్కడ ముగ్గురితో కొట్లాడాను. ఒకడు నా చెవి సగం కొరికేశాడు. ఆ చెవి మానేలోపల ఏదో మారింది. తర్వాత ఎవడు తిట్టినా, ఒకడు మొహాన ఉమ్మినా, చెయ్యి లేవలేదు. వడ్రంగం షెడ్డులో వేశారు. రంపం పట్టినప్పుడల్లా నువ్వే గుర్తొస్తావు.

ఆదిలక్ష్మికి చెప్పు. నాకు ఇల్లొద్దు, వాకిలొద్దు. ఎక్కడ అద్దె గది దొరికినా చాలు. ఆమె కాళ్లమీద పడతాను. ఆమె ఉన్న ఇంటి చిరునామా రాయి, గేటు దాటగానే నేరుగా అక్కడికే వెళతాను.

గురునాథం


గోపాలపట్నం
1987 సెప్టెంబరు 21

బావా,

ఆ చిరునామా నీకు తెలిసిందే. పదకొండో నంబరు.

ఆ పెద్దాయన శ్రీరామ్మూర్తి గారే. ఒకపక్క పూర్తిగా పడిపోయింది, మాట పోయింది. కేసు తేలాక చెల్లెమ్మ క్షమాపణ అడగడానికి అక్కడికి వెళ్లిందట. ఆయన భార్య నారాయణమ్మ గారు పిట్టంత మనిషి. ఈమె ఏడుస్తూ పేరు చెబుతుంటే ఆవిడ, "ఏడుపు తరవాత. ముందు ఆ పక్క పట్టు, ఈయన్ని మంచమ్మీదకి లేపాలి" అందట. లేపింది. మర్నాడూ వెళ్లింది. నాలుగో రోజుకి ఇక ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఇల్లు ఎవరిదో కోర్టులో ఇంకా తేలలేదు. ఆ ఇద్దరూ ఆ ఊసే ఎత్తరు. ఒకే పొయ్యిమీద వండుకుంటున్నారు.

నీ ఉత్తరం నిన్న చదివి వినిపించాను. పెద్దాయనకి గంజి తాగిస్తూ వింది. గిన్నె కింద పెట్టి, చేతులు తుడుచుకుని అప్పుడు మాట్లాడింది.

"రావద్దని రాయన్నయ్యా. మగోడి గొంతు మెట్లమీద ఇనపడితే ఈ పెద్దాయన మంచి సెయ్యి మొకానికి అడ్డం ఎట్టుకుంటన్నాడు. నాను మీ బావ కోసం రోజూ ఏడుత్తన్నాను. ఏడుత్తాను గాని తలుపు తియ్యను."

నీ తరఫున మాట్లాడాను. మునుపటి మనిషి కాడన్నాను. చెవి సంగతీ, మొహాన ఉమ్మినా ఊరుకున్న సంగతీ చెప్పాను. ఆమె అంతా వింది. "నువ్వు పూచీ ఉంటావా అన్నయ్యా?" అని అడిగింది. ఉంటానని చెప్పాలని ఎంతో ప్రయత్నించాను బావా. ఆ మాట నా నోట రాలేదు. నారాయణమ్మ గారు లేచి వెళ్లి తలుపుకి గడియ పెట్టారు.

నాలుగో తేదీ పొద్దున ఎనిమిదింటికి జైలు గేటు దగ్గర ఉంటాను. నాతో రా. షెడ్డులో పనుంది, పడుకోవడానికి చోటుంది. మీ చెల్లెలు ఖైరున్నీసా వండి పెడుతుంది. ఆ వీధికి వెళ్లనని మాత్రం గేటు దగ్గరే మాటివ్వాలి. ఇవ్వకపోతే నేను దారికి అడ్డం నిలబడతాను. ఏం చేస్తావో నీ ఇష్టం.

దావూద్